బిళ్లల చేబదులు

మార్కాపురంలో మా ఇంటికి అప్పుడప్పుడు కొత్త పిల్లలు వస్తుంటారు. ఫార్మసిస్టుగా పోస్టింగు ఆర్డరు చేతికి రాగానే ఎవరో ఒకరు వాళ్లకు నా పేరు చెబుతారు. వచ్చి, మర్యాదగా కూర్చుని, టీ తాగి అసలు విషయం అడుగుతారు. ఏ ఆస్పత్రి బస్సు రూటులో ఉంది, ఏ డాక్టరు కోపిష్టి, ఏ క్వార్టర్సుకు నీళ్లొస్తాయి. ఇవన్నీ అవసరమైన సంగతులే, కాదనను. ఉద్యోగంలో చేరిన రోజు నేనూ నీళ్ల గురించే అడిగాను. కానీ వాళ్లు అడగని సంగతి ఒకటుంది. కిటికీలోంచి మనమిచ్చిన బిళ్ల ఆ తర్వాత ఎక్కడికి పోతుంది? ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. అందుకని దాని గురించే రాస్తున్నాను. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. వాటి గురించి చెబితే మా వారే వినరు, ఇక మీకెందుకు.

కిటికీ

కాగితాల్లో నేను ఫార్మసిస్టును. దొనకొండ వైపు పనిచేసినప్పుడు కాంపౌండరమ్మను, హనుమంతునిపాడు వైపు మందులక్కను. ఉద్యోగం చివర్లో త్రిపురాంతకం వైపు ఒక పల్లె ఆస్పత్రిలో ఉన్నప్పుడు బిళ్లల మేడమ్‌ను. ఆ పల్లె పేరు చెప్పను. చెబితే ఇప్పుడక్కడ పనిచేసేవాళ్లు ఫోను చేసి తగాదా పెట్టుకుంటారు.

మా నాయన మాత్రం నాకు ఉద్యోగం వచ్చిన ఆదివారమే చర్చిలో లేచి నిలబడి, తన కూతురు డాక్టరైందని సాక్ష్యం చెప్పేశాడు. కాదు నాయనా అని నేను సర్దబోతే, "మందులిచ్చేది నువ్వే గదా, ఇంగ డాక్టరు చేసేది ఏంది?" అన్నాడు. కూలిపని చేసి చదివించిన మనిషి, ఎదురు చెప్పలేకపోయాను. పోయేదాకా ఆయన ఆ అభిప్రాయం మార్చుకోలేదు. కొందరు డాక్టర్ల దగ్గర పనిచేశాక, ఆయన ప్రశ్నలోనూ కొంత న్యాయం ఉందని నాకే అనిపించింది.

మందుల కిటికీ చిన్నది. కూర్చుంటే మనకు చెయ్యి కనిపిస్తుంది, ముఖం సగం కనిపిస్తుంది. చీటీ లోపలికి వస్తుంది, బిళ్లలు బయటికి పోతాయి. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అంటాం. అవతలి మనిషి "సరేమ్మా" అంటుంది. ఆ "సరే"ను నమ్మినంతకాలం ఉద్యోగం హాయిగా సాగుతుంది. నేను చాలాకాలం హాయిగానే ఉన్నాను.

రంగు

ప్రభుత్వం మందులు టెండరు పెట్టి కొంటుంది. ఎవరు చవగ్గా ఇస్తే వాళ్ల దగ్గర తీసుకుంటుంది. ఇందులో తప్పేమీ లేదు. ఎక్కువ ధర పెట్టి కొని తక్కువమందికి ఇచ్చేకన్నా ఇదే మేలని ఇప్పటికీ అంటాను. కాకపోతే ఈసారి ఇచ్చిన కంపెనీ వచ్చేసారి ఇవ్వదు. లోపలి మందు అదే, మోతాదు అదే. బిళ్ల రంగు మారుతుంది, సైజు మారుతుంది, షీటు మెరుపు మారుతుంది. పైన కూర్చుని కొనేవాళ్లకు అది లెక్కలోకి వచ్చే సంగతి కాదు. కింద కూర్చుని మింగేవాళ్లకు మందంటేనే రంగు.

మా దగ్గర బీపీ బిళ్లకు పేరు లేదు. "సన్న తెల్లబిళ్ల" అంతే. షుగరు బిళ్ల "పచ్చబిళ్ల". గ్యాసుకు ఇచ్చేది "గుండ్రబ్బిళ్ల". పైగా ఇంటికి పోగానే ఆడవాళ్లు షీట్లు చింపి బిళ్లలన్నీ వలిచి డబ్బాలో పోస్తారు. షీటు అంచు కొంగుకు పట్టుకుంటుందని ఒకామె చెప్పింది. డబ్బాలో ఖాళీ చోటు ఎందుకని ఇంకొకామె. ఇక ఆ మందు పేరేమిటో, గడువెప్పుడో చెప్పేదేమీ మిగలదు. షీటు మీద అచ్చు వేసిన హెచ్చరికలన్నీ పొయ్యిలోకి పోతాయి.

బిళ్ల రంగు మారిన నెలలో కిటికీ దగ్గర తగాదాలు చూడాలి. "ఇది మాది కాదు మేడమ్, పాతది ఇయ్యి" అంటారు. ఇదీ అదేనమ్మా అంటే, కల్తీ చీర అంటగడుతున్న దుకాణదారును చూసినట్టు చూస్తారు. ఒకాయన ఆ కొత్త బిళ్లను వేళ్లతో నలిపి, వాసన చూసి, "పస లేదు" అని తిరిగి ఇచ్చేశాడు. నవ్వుకున్నాను గానీ, నేనూ చీర కొనేటప్పుడు అంతే చేస్తాను.

కోటమ్మ, మరియమ్మ

నేను చివర్లో పనిచేసిన ఆ పల్లెకు నాలుగైదు మైళ్లలో ఇంకో ఊరు ఉంది. అక్కడినుంచి వచ్చే ఇద్దరు ఆడవాళ్లు నాకు బాగా తెలుసు. కోటమ్మది వ్యవసాయ కుటుంబం. కాస్త మెట్టభూమి, అందులో మిరప, కంది. ఆమెకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. మరియమ్మ కూలికి పోతుంది, చాలాసార్లు కోటమ్మ చేలోకే. ఆమెకు బీపీ ఒక్కటే, కానీ గట్టిది. మరియమ్మ వాళ్లమ్మ అదే జబ్బుతో కాలూ చెయ్యీ పడిపోయి మంచంలోనే పోయింది. భర్తకు ఫ్లోరైడు నీళ్లతో నడుం వంగిపోయింది. ఇంటికి మరియమ్మ రెండు చేతులే ఆధారం. అందుకే ఆమె బిళ్లలు మానకుండా వేసుకోవాలని నాకు పట్టుదల.

ఆస్పత్రికి రావడమంటే ఒక రోజు కూలి పోవడం. మందుల బండి నెలకోసారి ఊళ్లోకే వస్తుంది, నిజమే. కానీ అది వచ్చే వేళకు ఊళ్లో ఉండేది కోళ్లు, కదల్లేని ముసలివాళ్లు. జబ్బున్నవాళ్లంతా చేలల్లో ఉంటారు. ఈ బండి వేళలు నిర్ణయించిన పెద్దమనిషి ఎవరో, ఆయన ఎప్పుడూ మిరపకాయలు కోసి ఉండడు.

అందుకని ఊళ్లో ఒక పద్ధతి పుట్టింది. ఎవరికి బిళ్లలు అయిపోతే వాళ్లు పక్కవాళ్ల దగ్గర చేబదులు తీసుకుంటారు. చక్కెర, చింతపండు తీసుకున్నట్టే. తర్వాత ఆస్పత్రికి పోయినప్పుడు తెచ్చి తిరిగి ఇచ్చేస్తారు. ఇందులో పట్టింపు గట్టిగా ఉండేది. తీసుకున్న బిళ్ల తిరిగి ఇవ్వని మనిషికి ఊళ్లో చెడ్డపేరు. కోటమ్మ, మరియమ్మల మధ్య ఇది ఏళ్ల తరబడి నడిచింది. ఒకరింట్లో ఒకరు మంచినీళ్లు తాగడానికి ఇంకా మొహమాటపడే ఊరు అది. బిళ్లల దగ్గర మాత్రం ఏ మొహమాటమూ లేదు. డబ్బాలోంచి తీసి అరచేతిలో పెట్టడం, నోట్లో వేసుకోవడం. ఇది మంచికో చెడుకో తేల్చుకోలేక నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

మిరప చేలో

ఒక ఏడు మిరపకోతల సమయంలో కొత్త స్టాకు వచ్చింది. బీపీ బిళ్ల గులాబీరంగులో వచ్చింది. షుగరు బిళ్ల సన్నగా, తెల్లగా వచ్చింది. ఎప్పటిలాగే నేను కిటికీలోంచి అందరికీ చెప్పాను. అందరూ సరే అన్నారు.

కోటమ్మ ఆ నెల మందులు తీసుకుపోయింది. మరియమ్మ రాలేదు. కోతలు వదిలిపెట్టి రావడానికి మనసొప్పలేదు. తన డబ్బా ఖాళీ కాగానే పొద్దున్నే చేలోకి పోతూ కోటమ్మ గడప దగ్గర ఆగింది.

"కోటమ్మక్కా, రెండు తెల్లబిళ్లలియ్యి. కోతలై పోయినంక తెచ్చిస్తా."

కోటమ్మ డబ్బాలో చెయ్యి పెట్టి సన్న తెల్లబిళ్లలు తీసి ఇచ్చింది. ఆమెకు రెండు జబ్బులూ ఉన్నాయి, రెండు రకాలూ వేసుకుంటుంది. ఏది దేనికైనా ఆమెకు తేడా తెలిసే అవకాశం లేదు. మరియమ్మ ఒకటి వేసుకుని, ఏమీ తినకుండా ఎండలోకి పోయింది. షుగరు లేని మనిషి షుగరు బిళ్ల వేసుకుని ఖాళీ కడుపుతో పనిచేస్తే ఏమవుతుందో మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు. చెమటలు, వణుకు, కళ్లు చీకట్లు. మిరపసాళ్ల మధ్య పడిపోయింది.

తోటి కూలీలు ఆమెను ఊళ్లోకి మోసుకుపోయి ఆర్‌ఎంపీ రంగయ్య దగ్గర పడుకోబెట్టారు. రంగయ్య డాక్టరు కాదు. ఒకప్పుడు పట్నంలో ఎవరి దగ్గరో సూదులు వేయడం నేర్చుకున్నాడు. ఎవరు ఏ బాధతో వచ్చినా ఆయన ముందు గ్లూకోజు సీసా తగిలిస్తాడు. ఆ సీసాల మీద నేను ఎన్ని మీటింగుల్లో మాట్లాడానో లెక్కలేదు. నడుంనొప్పికి గ్లూకోజు ఎందుకయ్యా, డబ్బు దండగ అని ఆయన మొహమ్మీదే అన్నాను. ఆ రోజు కూడా ఆయన అలవాటు ప్రకారం ఏమీ ఆలోచించకుండా గ్లూకోజే తగిలించాడు. మరియమ్మకు ఆ పూట సరిగ్గా కావలసింది గ్లూకోజే. సీసా సగం అయ్యేసరికి లేచి కూర్చుంది.

తర్వాత రంగయ్య నాకు బజారులో ఎదురుపడి, "ఏం మేడమ్, గ్లూకోజు పనికిరాదంటివే" అన్నాడు.

సీసా ఘనత

ఈ సంగతి కొత్త పిల్లలు బాగా గుర్తుపెట్టుకోవాలి. సీసా తగిలించిన మనిషిని చూడటానికి మా వైపు ఊరు ఊరంతా వస్తుంది. పలకరింపు అంటే మా దగ్గర పెద్ద సంగతి. బ్రెడ్డు, బత్తాయిలు తెస్తారు, మంచం అంచున కూర్చుంటారు. "ఎట్లుంది మరియమ్మా" అని అడుగుతారు. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేశాడు. ఎన్నడూ మాట్లాడని ఆడబిడ్డ దొనకొండ నుంచి వచ్చింది. కోటమ్మ కొబ్బరినీళ్లు తెచ్చింది. ఆ ఒక్క మధ్యాహ్నం మరియమ్మ బతుకులో ఎన్నడూ లేనంత మర్యాద జరిగింది.

బిళ్ల వేసుకునే మనిషిని ఎవరు పలకరిస్తారు? ఏళ్ల తరబడి రోజూ వేసుకున్నా ఒక్కరు బత్తాయి తీసుకురారు. బీపీ ఉన్నదని బయటికి కనిపించదు. మంచమెక్కితేనే జబ్బు. ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్యకార్డుదీ అదే మనస్తత్వం. పడుకున్నవాళ్లకు అది ఎంతో ఉపకారం చేసింది. గుండె ఆపరేషన్లు చేయించుకుని తిరిగొచ్చి పొలం పోతున్నవాళ్లను నా కళ్లతో చూశాను, కార్డును తక్కువ చేసి మాట్లాడను. కానీ మంచమెక్కకుండా చూసుకునే మనిషికి దాంట్లో చోటు తక్కువ. పక్షవాతం వచ్చాక పెద్దాస్పత్రిలో ఎంతైనా భరిస్తారు. అది రాకుండా ఆపే సన్న బిళ్ల కోసం వచ్చేవాళ్లకు బస్సుచార్జీ ఎవరూ ఇవ్వరు. మా ఊళ్ల జనం, ప్రభుత్వం ఒకరినొకరు చూసి నేర్చుకున్నారేమో అనిపిస్తుంది.

పలకరింపులయ్యాక మరియమ్మ తన నిర్ణయం ప్రకటించింది. ఇక బిళ్లలు ముట్టదు. పడేసింది బిళ్ల, లేపింది సీసా. ఒంట్లో నలతగా ఉంటే రంగయ్య దగ్గర సీసా పెట్టించుకుంటుంది. ఆమె కళ్లతో చూసినదాన్నిబట్టి ఆ తీర్పులో తప్పు పట్టడానికి వీల్లేదు. నాకు మాత్రం వాళ్లమ్మ మంచం గుర్తొచ్చి భయం వేసింది.

డాక్టరుగారి బోర్డు

అప్పుడు మాకున్న డాక్టరు కోస్తా వైపు నుంచి వచ్చిన కుర్రాడు. తెలివైనవాడు, కష్టపడేవాడు. జనం ఆయన మాట వింటారని గట్టి నమ్మకం. జరిగింది తెలిసి మండిపడ్డాడు. "ఒకరి మందు ఒకరు వేసుకోవడమేంటండీ? వీళ్లకు ప్రాణాలంటే లెక్కలేదా?" అన్నాడు. ఆ వారమే కిటికీ పైన ఎర్రక్షరాల బోర్డు తగిలింది. ఒకరి మందులు ఇంకొకరికి ఇవ్వరాదు, ఇచ్చినట్టు తెలిస్తే మందులు నిలిపివేయబడును అని.

ఫలితం వెంటనే కనిపించింది. చేబదులు ఆగలేదు, మాకు చెప్పడం ఆగిపోయింది. అంతకుముందు "కోటమ్మకు బాకీ ఉన్నాయి మేడమ్, నాలుగెక్కువియ్యి" అని నిజం చెప్పి అడిగేవాళ్లు. ఇప్పుడు "ఎలకలు కొట్టేసినాయి" అంటున్నారు. బీపీ ఉన్న ఎలకలు అన్ని ఉంటాయని నాకు అంతకుముందు తెలియదు. డాక్టరుగారితో ఆ మాటే అన్నాను. ఆయన నవ్వలేదు గానీ మర్నాడు బోర్డు తీయించాడు. తను పెట్టిన బోర్డు తనే తీయించే పైఅధికారులను నా ఉద్యోగంలో నేను ఎక్కువమందిని చూడలేదు. ఆ ఒక్క పనికి ఆయన మీద నాకు గౌరవం ఏర్పడింది.

"మరి ఆవిడ సంగతి ఏం చేద్దామండీ?" అని అడిగాడు. మందుల బండి ఊళ్లోకి పోయే రోజున ఇద్దరం కలిసి వెళ్దామన్నాను. బండి వేళకు కాదు, పొద్దుగూకే వేళకు, కూలీలు ఇంటికొచ్చాక.

కోటమ్మ వసూలు

మేం పోయేసరికి మరియమ్మ ఇంటి ముందు పొయ్యి వెలిగిస్తోంది. డాక్టరుగారు చక్కగా, ఓపిగ్గా చెప్పాడు. చేలో పడిన రోజు వేసుకున్నది షుగరు బిళ్ల, బీపీది కాదన్నాడు. రక్తనాళాలు, ఒత్తిడి, మెదడు. చేత్తో బొమ్మ గీసినట్టు చూపించాడు. మరియమ్మ వినయంగా విని, "నిజమే సార్" అంది. బీపీ చూస్తానంటే మాత్రం చెయ్యి కొంగులో చుట్టుకుంది.

నేను రంగంలోకి దిగాను. "ఏంది మరియమ్మా, మీ అమ్మను చూసినావు గదా."

"చూసినా మేడమ్. మాయమ్మ కూడా బిళ్లలేసుకునే పోయింది."

"మానేసి పోయింది."

"ఏసుకుంటే నేను చేలో పడితిని. మానేస్తే ఆయమ్మ మంచంలో పడింది. పడేది ఎట్లనూ పడేదే. ఆ సీసా అయితే లేపుతుంది."

ఈ వాదనకు నా దగ్గరా, డాక్టరుగారి దగ్గరా ఉన్న చదువు చాలలేదు. మేమొచ్చామని తెలిసి కోటమ్మ అక్కడికొచ్చి పక్కన నిలబడి ఉంది. మరియమ్మ పడిపోయిన రోజునుంచీ ఆమెకు కంటినిండా నిద్ర లేదని తర్వాత తెలిసింది. నాతో దారిలో ఒకసారి అంది కూడా, "నా చేత్తో ఇచ్చినా మేడమ్, పోయుంటే నా చేత్తో పోయుండేది" అని. అంతసేపూ మాట్లాడని మనిషి ఇప్పుడు గొంతు పెంచింది.

"ఏమ్మే మరియమ్మా, నా బిళ్లలు ఎప్పుడిస్తావు?"

మరియమ్మ తలెత్తి చూసింది. "ఏం బిళ్లలు?"

"చేబదులు తీసుకుంటివే, ఆ బిళ్లలు. కోతలైనంక ఇస్తానంటివి. కోతలై ఎన్నాళ్లాయె?"

"అవి నన్ను సంపబోయినాయి గదక్కా."

"నిన్నేం జేసినాయో నాకు తెలీదు. తీసుకున్నవి తీసుకున్నట్టు ఇయ్యాలా లేదా? నలుగురినీ అడుగుదాం పా."

వీధిలోవాళ్లు అప్పటికే పోగయ్యారు. మరియమ్మ మొహం ఎర్రబడింది. ఒకరి వస్తువు ఉంచుకుందన్న మాట పుట్టి బుద్ధెరిగినాక పడలేదు. "ఇస్తా. రంగయ్య దగ్గర కొని రేపే ఇస్తా" అంది.

"కొన్నవి నాకొద్దు. ఆస్పత్రివి తీసుకుంటివి, ఆస్పత్రివే ఇయ్యి."

డాక్టరుగారు నా వైపు అయోమయంగా చూశాడు. ఇలాంటి మనిషిని తిట్టాలో మెచ్చుకోవాలో ఆయనకు తెలియలేదు. నేను మాత్రం మాట్లాడకుండా బండెక్కాను. నా ఉద్యోగంలో నోరు మూసుకోవలసిన చోట మూసుకున్న అరుదైన సందర్భాల్లో అది ఒకటి.

రెండు రోజుల్లో మరియమ్మ కిటికీ దగ్గర ప్రత్యక్షమైంది. కోటమ్మకు తిరిగివ్వడానికి షుగరు బిళ్లలు కావాలంది. నీకు షుగరు లేదమ్మా, ఇవ్వడానికి లేదన్నాను. అయితే బీపీవి ఇయ్యి, నేనడిగింది అవే గదా అంది. వాటికి బీపీ చూడాలి, చూడకుండా డాక్టరుగారు చీటీ రాయరన్నాను. చివరికి చెయ్యి చాపింది. కోటమ్మ బాకీ తీర్చడానికి బీపీ చూపించుకుందే గానీ తన ఒంటి కోసం కాదు. డాక్టరుగారు ఆ అంకె చూసి కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.

బిళ్లలు పట్టుకుని మరియమ్మ నేరుగా కోటమ్మ ఇంటికి పోయింది. కోటమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసిందట.

"ఇప్పుడు నాకున్నాయి. ఇవి దాచిపెడితే పాతబడతాయి. ఇవి నువ్వేసుకో, వచ్చే నెల కొత్తవి తెచ్చియ్యి."

వచ్చే నెల కూడా అదే మాట. ఆ పై నెలా అంతే. పాతవి నాకొద్దు, కొత్తవి తెచ్చియ్యి. రోజూ పొద్దున చేలోకి పోతూ మరియమ్మ ఆ గడప దగ్గర ఆగేది. కోటమ్మ తన బిళ్లలు తను వేసుకుంటూ, "బాకీవి పాతబడనియ్యొద్దు" అని మరియమ్మ చేత ఒకటి మింగించేది. ఈ బాకీ ఎప్పటికీ తీరదని మరియమ్మకు ఎప్పుడు అర్థమైందో నాకు తెలియదు. అర్థమైనా ఆమె పైకి ఒప్పుకోలేదు.

గుడ్డసంచులు

ఈ వ్యవహారం చూశాక నేను చేబదుళ్లను ఆపే ప్రయత్నం మానుకున్నాను. ఆగని దాన్ని ప్రమాదం లేకుండా చేయడమే మన పని అనిపించింది. ఊళ్లో టైలరు దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలు అడిగి చిన్న సంచులు కుట్టించాను. బీపీకి ఎర్రది, షుగరుకు పసుపుది. షీటు చింపకుండా సంచిలో వేసి ఇచ్చేదాన్ని. బిళ్ల రంగు ఎన్నిసార్లు మారినా సంచి రంగు మారదు. ఎర్రసంచి లోంచి ఎర్రసంచి లోకే పోవాలి, అదొక్కటే నియమం. డబ్బాలో పోస్తే కొత్త సంచి ఇవ్వనని బెదిరించాను. జాకెట్టు గుడ్డ బాగుంది కాబట్టి ఆ బెదిరింపు పనిచేసింది.

తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఆ సంచులు చూసి ముఖం ముడుచుకున్నాడు. మందుల ప్యాకింగుకు నిబంధనలున్నాయి, ఈ గుడ్డముక్కలు ఏ నిబంధన కింద వస్తాయని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే డాక్టరుగారు, "అవి ప్యాకింగు కాదండీ, మేడమ్ ఇచ్చే కానుకలు. కానుకల మీద నిబంధనలుంటే చెప్పండి, ఆపేస్తాం" అన్నాడు. అధికారి పోతూ పోతూ తన జేబులోంచి ఒక బీపీ షీటు తీసి, ఎర్రసంచి ఒకటి అడిగి తీసుకున్నాడు.

కొత్త పిల్లలకు చెప్పేది ఇంతే. మీటింగుల్లో జనానికి అవగాహన లేదు అనే మాట చాలాసార్లు వింటారు. నేనూ అన్నాను, ఎన్నోసార్లు. వాళ్లు ఎందుకలా చేస్తున్నారో తెలుసుకోవడం మనకు శ్రమ, అందుకని ఆ మాట అంటాం. బస్సులేని ఊళ్లో, కోతల రోజుల్లో, చేబదులే వాళ్లకున్న మందుల షాపు. దాన్ని నడిపినవాళ్లు ఒకరినొకరు నమ్మారు. తప్పు జరిగింది రంగు దగ్గర, నమ్మకం దగ్గర కాదు. ఇది నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది.

నా వంతు

రిటైరై మార్కాపురం వచ్చాక నాకూ బీపీ ఉందని తేలింది. ఇంత వయసొచ్చాక రాకపోతేనే ఆశ్చర్యం. కోటమ్మ ఫోను చేస్తే ఆమెకూ చెప్పాను. బిళ్లలు తెచ్చి అల్మరాలో పెట్టాను. నాకు పేర్లు తెలుసు, మోతాదులు తెలుసు, వేసుకోకపోతే ఏమవుతుందో అందరికన్నా బాగా తెలుసు. ఇంత తెలిశాక మళ్లీ వేసుకోవడం కూడా ఎందుకన్నట్టు ఉండేది నా పద్ధతి. ఒంట్లో బాగానే ఉంది కదా అనుకునేదాన్ని. కిటికీ అవతలి నుంచి ఈ మాట ఎన్నిసార్లు విన్నానో.

మొన్న ఎండాకాలం ముందు ఒక పూట మరియమ్మ మా ఇంటికి వచ్చింది. మనవరాలికి బడి బట్టలు కొనడానికి టౌనుకు వచ్చిందట. మనిషి నిటారుగా ఉంది, రెండు చేతుల నిండా సంచులు. మంచినీళ్లు తాగి, కాసేపు ఊరి సంగతులు చెప్పి, లేస్తూ అంది.

"మేడమ్, బీపీ బిళ్లలుంటే చేబదులియ్యి. నావి అయిపోయినాయి."

నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. ఇన్నేళ్లకు నన్నూ వాళ్లలో ఒకతెను చేసుకుందని గబగబా పోయి షీటు తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని వెలుగుకు పెట్టి చూసింది. అటు తిప్పి ఇటు తిప్పింది.

"ఇది ఎప్పుడు తెచ్చినావు?"

"పోయిన నెల."

"పోయిన నెలదైతే ఒక్క గుంటన్నా ఖాళీ కావాల గదా మేడమ్."

మా వారు పేపరు వెనకనుంచి దగ్గారు. మరియమ్మ నడుముకు దోపుకున్న ఎర్రసంచి తీసింది. గుడ్డ వెలిసిపోయింది గానీ లోపల షీట్లు నిండుగా ఉన్నాయి.

"అయిపోయినాయంటివే?"

"నావెందుకు అయిపోతాయి? నువ్వు ఏసుకుంటున్నావో లేదో చూసి రమ్మనింది కోటమ్మక్క. అడిగితే ఏసుకుంటున్నాననే చెప్తుంది, చేబదులడుగు, తెలిసిపోతుందనింది."

తన షీటులోంచి రెండు బిళ్లలున్న ముక్క తుంచి నా అరచేతిలో పెట్టింది. వేళ్లు మూసింది. మిరపకాయలు కోసి కోసి గరుకు తేలిన చెయ్యి అది. కిటికీలోంచి ఎన్నోసార్లు చూసిన చెయ్యే, పట్టుకున్నది అదే మొదటిసారి.

"ఇవి చేబదులు మేడమ్. వచ్చే నెల నువ్వే మా ఊరొచ్చి ఇయ్యాల. పాతవి నాకొద్దు."

ఆ రోజునుంచి పొద్దున్నే కాఫీకి ముందు బిళ్ల వేసుకుంటున్నాను. నెలకోసారి త్రిపురాంతకం బస్సెక్కి, దిగి ఆటో పట్టుకుని వాళ్ల ఊరు పోతున్నాను. కోటమ్మ ఇంట్లో ముగ్గురం కూర్చుంటాం, ఇప్పుడు మంచినీళ్లూ తాగుతాం, కాఫీ కూడా తాగుతాం. నేను తెచ్చిన బిళ్లలు తీసి ఇస్తాను. మరియమ్మ వాటిని వెలుగుకు పెట్టి చూసి, ఇప్పుడు నాకున్నాయిలే మేడమ్, ఇవి నువ్వేసుకో అని తిరిగి నా చేతిలోనే పెడుతుంది. నా బాకీ ఇంకా తీరలేదు. తీరనిచ్చే ఉద్దేశం ఆమెకు లేదు, తీర్చే ఉద్దేశం నాకూ లేదు.